వీసాలో చోటు లేని పిల్లలు

మన గోదావరి డెల్టాలో డబ్బూ భూమీ లేనివాళ్ళు సముద్రం దాటాలంటే ఎప్పుడూ ఎవరో ఒకరి పేరు మీదే దాటారు. ఆ ఎవరో ఒకరికి కాలాన్ని బట్టి పేరు మారింది. చెరుకు తోటల కాలంలో కూలీల ఏజెంటు, రంగూన్ కాలంలో మేస్త్రీ, కువైట్ కాలంలో కఫీల్. ఇప్పుడు చదువుకున్నవాళ్ళ ఇళ్ళలో వినిపించే మాట స్పాన్సర్. ఈ వలసల గురించి రాసినవాళ్ళు ఎంతమంది వెళ్ళారు, ఎంత డబ్బు పంపారు, ఎన్ని మేడలు లేచాయి అని లెక్కలు తీశారు. నేను అడగదలచుకున్నది వేరే ప్రశ్న. పని ఇచ్చేవాడి కాగితం ఏ కాలంలో ఎవరిని కుటుంబం అంది? బిడ్డను తల్లి పక్కన ఉండనిచ్చిందా, రేవులోనే ఆపేసిందా?

ఇంగ్లండులో ఒక విశ్వవిద్యాలయం నాకు మూడేళ్ళ పరిశోధన ఉద్యోగం ఇస్తానంది. వీసాకు తామే స్పాన్సర్ చేస్తామంది. నేను, నా భర్త, నాలుగేళ్ళ మా అమ్మాయి కలిసి వెళ్ళడానికి కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాను. ‘మీపై ఆధారపడినవారు’ అన్న గడిలో ఆ ఇద్దరి పేర్లూ రాశాక, ఈ గడిలో పేర్లు రాసే అవకాశం మా ప్రాంతపు స్త్రీలకు ఎప్పుడెప్పుడు దొరికిందో వెతకాలనిపించింది.

కోరంగి రేవు

కాకినాడకు దక్షిణాన, గౌతమి సముద్రంలో కలిసే వైపు, కోరంగి ఉంది. ఇవాళ మడ అడవులు చూడ్డానికి వెళ్తున్న ఆ చోటు ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన దాన్ని తుడిచిపెట్టింది. ఊరు పోయినా ఊరి పేరు మాత్రం సముద్రం దాటింది. మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువాళ్ళని ‘కోరంగీలు’ అన్నారు. ఓడ ఎక్కిన రేవు పేరే మనుషుల పేరైపోయింది.

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దు చట్టం 1834లో అమల్లోకి వచ్చాక, చెరుకు తోటలకు ఒప్పంద కూలీలు కావలసి వచ్చారు. ఐదేళ్ళకు వేలిముద్ర వేయించుకుని తీసుకెళ్ళేవారు. మొదట్లో ఎక్కువగా మగవాళ్ళనే తీసుకెళ్ళి, తర్వాత ప్రతి 100 మంది మగవాళ్ళకు 40 మంది స్త్రీలు ఉండి తీరాలన్న నియమం తెచ్చారు. ఇది కుటుంబాల మీద దయ కాదు. మగవాళ్ళు మాత్రమే ఉన్న కూలీల లైన్లలో గొడవలు, హత్యలు పెరిగాయి. స్త్రీలుంటే మగవాళ్ళు తోటల్లోనే నిలదొక్కుకుంటారు, రేపటి కూలీలు అక్కడే పుడతారు. నియమం లెక్కపెట్టింది స్త్రీలనే కానీ కుటుంబాలను కాదు. ఆ 40 నింపడానికి ఏజెంట్లు ఒంటరి స్త్రీలను, వితంతువులను, అత్తింటి నుంచి బయటపడినవాళ్ళను వెతికారు.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించారు. సాహిత్య విద్యార్థులుగా ఆ తేదీ మనకి కంఠతా వచ్చు. మారుమనువు ఆచారం ముందు నుంచీ ఉన్న కులాల వితంతువులకు మన సంస్కరణ చరిత్రలో చోటు దొరకలేదు. అదే కాలంలో వితంతువు అనే మనిషిని మరొకరు కూడా లెక్కపెడుతున్నారు, ఓడలో కోటా నింపడానికి. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి మనం ఇంకా చదవలేదు.

1860 నవంబరులో మద్రాసు నుంచి ‘ట్రూరో’ అనే ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాల్ చేరింది. 1911 వరకు అక్కడికి లక్షా 52 వేల మంది ఒప్పంద కూలీలు వెళ్ళారు. మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. మగవాడికి మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు. స్త్రీకి అందులో సగం. ఒప్పందం అయిపోయాక మళ్ళీ వేలిముద్ర వెయ్యకుండా, తిరిగి వెళ్ళకుండా స్వేచ్ఛగా ఉండిపోదామనుకున్నవాళ్ళ మీద 1895లో ఏడాదికి 3 పౌండ్ల పన్ను చట్టం చేశారు. తర్వాత 1903లో దాన్ని పిల్లలకూ విస్తరించారు. మగపిల్లలకు 16 ఏళ్ళు, ఆడపిల్లలకు 13 ఏళ్ళు నిండితే పన్ను. మూడు పౌండ్లంటే 60 షిల్లింగులు. స్త్రీకి మొదటి ఏడాది ఇచ్చే కూలీ లెక్కన చూస్తే పన్నెండు నెలల జీతం. కుటుంబంతో ఉండాలనుకుంటే తల్లికీ తండ్రికీ పదమూడేళ్ళ కూతురికీ తలా 3 పౌండ్లు కట్టాలి, లేదా అందరూ మళ్ళీ తోటలోకి వెళ్ళాలి. ఆడపిల్లకు వయసు మూడేళ్ళు తగ్గించడంలో ఉన్న ఆలోచన గమనించండి. పదమూడేళ్ళకే ఆమెను పనికీ పెళ్ళికీ సిద్ధమైన మనిషిగా లెక్కేశారు.

1913 మార్చిలో కేప్ సుప్రీంకోర్టులో జస్టిస్ సెర్ల్ ఒక తీర్పు ఇచ్చాడు. క్రైస్తవ పద్ధతిలో జరగని, రిజిస్టరు కాని పెళ్ళిళ్ళను అక్కడి వలస చట్టం గుర్తించదన్నది దాని సారాంశం. ఆ ఒక్క మాటతో దక్షిణాఫ్రికాలో ఉన్న భారతీయ స్త్రీలలో ఎక్కువమంది ఎవరికీ భార్యలు కాకుండా పోయారు. ఆ ఏడాది సత్యాగ్రహంలో స్త్రీలు జైలుకు వెళ్ళడానికి ఈ తీర్పు ఒక ముఖ్య కారణం. 1914లో పన్ను రద్దయింది, పెళ్ళిళ్ళకు గుర్తింపు వచ్చింది. భార్య ఎవరు, బిడ్డ ఎవరు అన్నది వలస చట్టంలో సహజమైన విషయం కాదని, పోరాడి రాయించుకోవలసిన విషయమని అక్కడి స్త్రీలు శతాబ్దం క్రితమే నేర్చుకున్నారు.

ఒప్పంద కూలీ పద్ధతి 1917లో ఆగింది. ఆ జనవరిలో అలహాబాదు సభలో సరోజినీ నాయుడు మాట్లాడారు. ఆ ఉద్యమం పొడుగునా బలంగా వినిపించింది భారత స్త్రీ గౌరవం అన్న మాట. సగం కూలీ గురించి అంత బలంగా ఎవరూ మాట్లాడలేదు. స్త్రీ గౌరవం పేరుతో ద్వారం మూయడం, ఆమె జీతం సంగతి మర్చిపోవడం అప్పటి నుంచీ మన ప్రభుత్వాలకు అలవాటుగా వస్తోంది.

రంగూన్ మేస్త్రీ

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. డెల్టా పచ్చబడింది. మనం కాటన్ దొర కథను సాధారణంగా అక్కడ ఆపేస్తాం. పచ్చబడిన భూమి కొన్ని కులాల చేతిలోనే ఉంది. మిగిలిన కులాలకు దక్కింది నాట్లు, కోతల కూలీ. వాటి మధ్య నెలల్లో పని లేదు. కాకినాడ నుంచి రంగూన్‌కు స్టీమర్లు నడిచాయి. బర్మా 1937 వరకు బ్రిటిష్ ఇండియాలో భాగం కాబట్టి పాస్‌పోర్టు, వీసా అక్కర్లేదు. అక్కడ వీసా పని చేసింది మేస్త్రీ. ఊరికొచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు, ఓడ టిక్కెట్టు కొనేవాడు, బియ్యపు మిల్లులోనో రేవులోనో పనిలో పెట్టి ఆ బాకీని కూలీలోంచి కోసుకునేవాడు.

రంగూన్‌కు వెళ్ళినవాళ్ళలో మగవాళ్ళే అత్యధికులు. చెరుకు తోటల యజమానికి స్త్రీ కావలసి వచ్చింది, ఎందుకంటే కూలీలు మళ్ళీ ఓడ ఎక్కకుండా అక్కడే నిలవాలి. రంగూన్ మిల్లు యజమానికి ఆమెతో పని లేదు. ఓడ ప్రయాణం కొద్ది రోజులదే, మనిషి అరిగిపోతే ఇంకొకడు వస్తాడు. అందువల్ల రేవులో బస్తా మోసినవాడి కూలీలో పెళ్ళాం పిల్లల తిండి లెక్క చేరలేదు. ఆ తిండి ఇక్కడ ఆమె నాట్లు వేసి సంపాదించింది. ముసలి అత్తమామలకు గంజి కాచింది, పిల్లల్ని పెంచింది, మేస్త్రీ బాకీ కింద ఇంటి ముందుకొచ్చినవాళ్ళకు సమాధానం చెప్పింది. రంగూన్ బియ్యం ఎగుమతుల వెనక ఈ ఆడవాళ్ళ చాకిరీ ఉంది. ఆర్థికశాస్త్రంలో పునరుత్పత్తి శ్రమ అని మనం ఇవాళ పిలిచే దానికి మా ఊళ్ళలో పేరు లేదు, అది ఆడదాని బతుకు అంతే.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలీ పెంచమని సమ్మె చేశారు. యజమానులు బర్మా కూలీలను పనిలోకి తీసుకున్నారు. సమ్మె తేలగానే వాళ్ళను పంపేసి మళ్ళీ తెలుగువాళ్ళను పిలిచారు. దాంతో చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. తర్వాతి ఏడాది జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు 10 లక్షలకు పైగా, రంగూన్ నగరంలో సగానికి పైగా ఉన్నారు. 1941లో భారత, బర్మా ప్రభుత్వాలు పర్మిట్ల ఒప్పందం చేసుకున్నాయి. అది పూర్తిగా అమలు కాకముందే జపాన్ దాడి వచ్చింది. 1942లో లక్షలమంది అడవుల గుండా, కొండల గుండా నడిచి వచ్చారు. ఆ నడకల కథలు మా వైపు ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. రేవు వైపు చూస్తూ కూర్చున్నవాళ్ళ కథలు మాత్రం ఎవరూ చెప్పుకోలేదు, ఎందుకంటే వాళ్ళు ఎక్కడికీ వెళ్ళలేదు.

నరసాపురం లేసు

వెళ్ళకుండానే పరదేశానికి పని చేసిన స్త్రీలు కూడా ఉన్నారు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల మిషనరీల ద్వారా వచ్చిన లేసు అల్లిక వేలాది స్త్రీల పనయింది. జర్మన్ స్త్రీవాది మరియా మీస్ ఈ ప్రాంతంలో తిరిగి పరిశోధన చేసి 1982లో ‘నరసాపురం లేసు కార్మికులు’ అనే అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషు పుస్తకం తెచ్చింది. ఆమె చూపించింది ఇదే: రోజంతా లేసు అల్లే స్త్రీని వ్యాపారి, భర్త, ప్రభుత్వం అందరూ గృహిణి అన్నారు. ఖాళీ సమయంలో ఏదో చేసుకుంటోంది అన్నారు. గృహిణి అన్న పేరు పెడితే కార్మికురాలి కూలీ ఇవ్వక్కర్లేదు. లేసు విదేశాలకు వెళ్ళింది, ఆమె గుమ్మం దాటలేదు.

ఆ పుస్తకం వచ్చే నాటికే అవే తాలూకాల నుంచి స్త్రీలు గుమ్మం దాటడం మొదలైంది. ఈసారి వాళ్ళ వేళ్ళు అల్లినది కాదు, వాళ్ళే వెళ్ళారు.

ఖద్దామా వీసా

ఉభయ గోదావరి జిల్లాల నుంచి, ముఖ్యంగా కోనసీమ, నరసాపురం ప్రాంతాల నుంచి, మరోవైపు కడప జిల్లా నుంచి స్త్రీలు కువైట్‌కు ఇంటిపనికి వెళ్తున్నారు. ఎక్కువగా దళిత, వెనుకబడిన కులాల స్త్రీలు. 2022లో జిల్లాలు విడిపోయి పేర్లు మారాయి, ఈ దారి మారలేదు. ఖద్దామా అంటే పనిమనిషి. కఫీల్, అకామా, ఔట్‌పాస్, ఖల్లివల్లి లాంటి మాటలు రాజోలు బస్టాండులో తెలుగు మాటలుగానే వినిపిస్తాయి.

కువైట్‌లో ఇంటిపనివారికి ఇచ్చేది 20వ నంబరు వీసా. యజమాని పేరు మీదే వస్తుంది, అతని పేరు మీదే నిలుస్తుంది. అతని ఇంటి నుంచి అనుమతి లేకుండా బయటికి వస్తే పారిపోయినట్టు కేసు పెట్టవచ్చు. అప్పుడామె ఖల్లివల్లి. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే 22వ నంబరు వీసా వేరే ఉంది. దానికి కనీస జీతం 2024 జనవరిలో 800 దినార్లు చేశారు. ఇంటిపనివారికి 2016లో నిర్ణయించిన కనీస జీతం 60 దినార్లు. అసలు 20వ నంబరు మీద ఉన్నవాళ్ళకు కుటుంబాన్ని తెచ్చుకునే వీలే లేదు. ఆమె అక్కడికి వెళ్ళేది మరొకరి బిడ్డకు స్నానం చేయించడానికి, అన్నం పెట్టడానికి, నిద్రపుచ్చడానికి. తల్లి చేసే పనులన్నీ ఆ వీసాలో ఉన్నాయి, ఆమె పిల్లలే లేరు.

2000ల మొదట్లో మా వీధిలో ఒక మామ్మ ఉండేది. ఆవిడ కూతురు కువైట్‌లో. ఇద్దరు మనవల్ని మామ్మే సాకేది. ఉత్తరం వస్తే నా చేత చదివించుకునేది, జవాబు రాయించేది. “బుడ్డోడికి జొరం తగ్గిందని రాయమ్మా. జొరం వచ్చిందని మాత్రం రాయకు” అనేది. జ్వరం రాకుండా ఎలా తగ్గుతుంది మామ్మా అంటే, “అది అక్కడ అన్నం మానేస్తదే” అనేది. అలా రాయలేక చివరికి ‘పిల్లలు బాగున్నారు’ అని రాసేదాన్ని. ఆ ఉత్తరాల్లో నిజంగా జరిగింది ఏదీ ఉండేది కాదు. అవతలి నుంచి వచ్చే ఉత్తరాల్లోనూ ‘నేను బాగున్నాను, మేడం మంచిది’ అనే ఉండేది. తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు కాపాడుకోవడానికి రాసుకున్న ఆ అబద్ధాలు నా వరకు నేను చదివిన మొదటి స్త్రీల సాహిత్యం.

వాళ్ళను బాధితులుగా మాత్రమే చూడడం కూడా న్యాయం కాదు. తాగుబోతు మొగుడి నుంచి తప్పుకోవడానికి వెళ్ళినవాళ్ళున్నారు. కూతుర్ని నర్సింగ్ చదివించినవాళ్ళు, సొంత పేరున స్థలం కొన్నవాళ్ళు ఉన్నారు. ఆమె సంపాదించిన ఇల్లు భర్త పేరున ఎక్కడం, ఊరు ఆమె శీలం గురించి గుసగుసలాడడం కూడా ఇదే కథలో భాగం. రంగూన్ వెళ్ళిన మగవాడి శీలం గురించి ఏ ఊరూ ఇంత ఆరా తియ్యలేదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. భారత ప్రభుత్వం లక్షా 70 వేల మందికి పైగా విమానాల్లో వెనక్కి తెచ్చింది. తర్వాత ఐక్యరాజ్యసమితి నష్టపరిహార కమిషన్ దేశం విడిచి రావలసి వచ్చినవాళ్ళకు స్థిరమైన మొత్తాలు నిర్ణయించింది. వేరే క్లెయిములు పెట్టకపోతే ఒక్క మనిషికి 4 వేల డాలర్లు, కుటుంబానికి 8 వేలు. కుటుంబమంటే అక్కడి నుంచి కలిసి బయటపడినవాళ్ళు. ఆమె జీతం మీద బతుకుతున్న ముగ్గురో నలుగురో కోనసీమలో ఉన్నా, ఖద్దామా ఒక్క మనిషే. వీసా ఆమెను ఎలా చూసిందో పరిహారమూ అలాగే చూసింది.

మన ప్రభుత్వం చేసింది ఏమిటి? 1983 వలస చట్టం కింద పదో తరగతి పాసు కానివాళ్ళకు కొన్ని దేశాలకు వెళ్ళడానికి అనుమతి తప్పనిసరి. ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి 30 ఏళ్ళు నిండాలన్నారు. విదేశీ యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలన్నారు. 2016లో ఇలాంటి స్త్రీల నియామకాలను ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే జరపాలన్నారు. ఉద్దేశం రక్షణే. ముప్ఫై ఏళ్ళ నిబంధన గురించి ఆలోచించండి. మా వైపు ఆ వయసుకు స్త్రీకి ఇద్దరు ముగ్గురు చిన్నపిల్లలుంటారు. పెళ్ళికాని పిల్లను ఆపి, పసిపిల్లల తల్లిని పంపే నియమం అది. శీలానికి రక్షణ దొరికింది కానీ, ఆ పిల్లల గురించి ఎక్కడా ఒక్క వాక్యం లేదు. ఏజెంట్లు విజిటింగ్ వీసాల మీద వేరే దేశం తిప్పి పంపడం నేర్చుకున్నారు. దొడ్డిదారిన వెళ్ళినామెకు ఉన్న కాస్త రక్షణా పోయింది. 2015లో కువైట్ 68వ నంబరు చట్టం చేసి రోజుకు 12 గంటలకు మించని పని, వారానికో సెలవు, ఏడాదికోసారి జీతంతో సెలవు రాసింది. అమలు సంగతి అలా ఉంచి, ఒక ఇంటి నాలుగు గోడల మధ్య జరిగేది పనేనని ఒప్పుకోవడం పెద్ద మార్పే.

హెచ్-4

అదే డెల్టా నుంచి, తరచు అవే ఊళ్ళ నుంచి, పొలాలున్న ఇళ్ళ పిల్లలు అమెరికా వెళ్ళారు. 1990 చట్టంతో వచ్చిన హెచ్-1బి వీసాకు ఉద్యోగం ఇచ్చే కంపెనీయే దరఖాస్తు పెట్టాలి. ఈ స్పాన్సర్ కుటుంబాన్ని కాదనలేదు. భార్యకు, 21 ఏళ్ళ లోపు పిల్లలకు హెచ్-4 ఇస్తారు. హెచ్-4 మీద ఉన్న భార్య ఉద్యోగం చెయ్యకూడదు. ఎం.సి.ఏ. చదివినా డాక్టరేటు చేసినా సరే. 2015 మే 26 నుంచి కొందరికి పని అనుమతి ఇస్తున్నారు, అదీ భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటాకే. ఒక్కో దేశానికి 7 శాతం అన్న పరిమితి వల్ల భారతీయులకు ఆ వరస ఏళ్ళ తరబడి కదలదు. ఈలోగా బిడ్డకు 21 నిండితే ఆ బిడ్డ కుటుంబంలోంచి జారిపోతుంది. భర్త ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్ దొరకాలి. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక కంపెనీలు పిలవడానికే వెనకాడుతున్నాయి.

కువైట్ వీసాకు ఆమె చాకిరీ కావాలి, ఆమె తల్లితనం అక్కర్లేదు. అమెరికా వీసాకు ఆమె తల్లితనం అభ్యంతరం కాదు, ఆమె చదువు అక్కర్లేదు. ఈ ఇద్దరు స్త్రీలు ఒకే డెల్టా వాళ్ళు, కులమూ భూమీ వాళ్ళను వేర్వేరు కౌంటర్లకు పంపాయి. ఇద్దరి బతుకులూ ఒకటేనని నేను అనడం లేదు. హెచ్-4 మీద ఉన్నామె పాస్‌పోర్టు బీరువాలో దాచిపెట్టే యజమాని లేడు. తలుపు వేసి తాళం పెట్టినవాళ్ళూ లేరు. అయినా రెండు చోట్లా ఒక పోలిక ఉంది. స్త్రీ ఒకే సమయంలో సంపాదించే మనిషిగానూ పిల్లల తల్లిగానూ ఉండవచ్చని ఆ కాగితాలు రాసినవాళ్ళకు తోచలేదు.

నా దరఖాస్తు

నా కాగితం మీద ఆ రెండూ ఉండవచ్చు. అందుకే దాన్ని చూస్తే సంతోషమూ ఇబ్బందీ రెండూ కలుగుతున్నాయి.

ఇంగ్లండు 2022 ఫిబ్రవరిలో వృద్ధులను, వికలాంగులను చూసుకునే సంరక్షణ పనివారికి స్పాన్సర్ వీసాలు తెరిచింది. కుటుంబంతో రానిచ్చింది. 2023 సెప్టెంబరుతో ముగిసిన ఏడాదిలో లక్షమంది సంరక్షణ పనివారి వెంట లక్షా 20 వేల మంది కుటుంబసభ్యులు వచ్చారని ప్రభుత్వం ఫిర్యాదుగా చెప్పింది. 2024 మార్చి 11 నుంచి ఆ వీసాల మీద కొత్తగా వచ్చేవాళ్ళు భర్తనూ పిల్లలనూ తెచ్చుకోకూడదన్నారు. 2025 జులై 22న విదేశాల నుంచి ఆ నియామకాలే ఆపేశారు. ఆ పదహారు నెలల్లో వెళ్ళినామె ఎవరి ముసలి తల్లికో మందులు వేస్తూ తన బిడ్డను ఫోన్లో చూస్తోంది. లండన్ దాకా వచ్చినా ఆమెది ఖద్దామా వీసాయే.

నేను డాక్టరేటు ఉన్నదాన్ని కాబట్టి నా కుటుంబం కుటుంబమే. అయినా దానికో ధరల పట్టీ ఉంది. ఉద్యోగం ఇచ్చినవాళ్ళు పూచీ పడకపోతే బ్యాంకులో 28 రోజులు నిల్వ చూపాలి. నాకు 1,270 పౌండ్లు, భర్తకు 285, మొదటి బిడ్డకు 315. రెండో బిడ్డ ఉంటే ఆమెకు 200. ఆరోగ్య రుసుము ఏడాదికి పెద్దవాళ్ళకు 1,035, పిల్లలకు 776. ముగ్గురికీ మూడేళ్ళకు 8,538 పౌండ్లు, అంటే సుమారు పది లక్షల రూపాయలు, ముందే కట్టాలి. నా వంతు ఖర్చు విశ్వవిద్యాలయం భరిస్తుందట, కుటుంబం ఖర్చు నాదేనట. ఎంపిక కమిటీలో ఒకాయన “మీ వారు ఒప్పుకున్నారా?” అని మర్యాదగానే అడిగారు. మా ఆయన్ని ఏ ఇంటర్వ్యూలోనూ నా గురించి అలా అడగలేదు. భార్య పేరు మీద భర్త ‘ఆధారపడినవాడు’గా వెళ్ళడం మా బంధువుల్లోనూ పెద్ద చర్చ అయింది. మా అత్తగారు మాత్రం “ఇన్నాళ్ళూ వాడు ఎవరి మీద ఆధారపడ్డాడనుకుంటున్నారు?” అని నవ్వేశారు.

నేను దరఖాస్తు పంపుతున్నాను. పంపకుండా మానేస్తే మా మామ్మ కూతురికి ఒరిగేదేమీ లేదు. నాకు దక్కిన గడి నా ప్రతిభకు బహుమతి అని మాత్రం అనుకోలేను. అది 1913లో జైలుకు వెళ్ళిన స్త్రీలు అడిగిన హక్కు. నూటపదేళ్ళ తర్వాత దాన్ని మళ్ళీ జీతాన్ని బట్టి, చదువును బట్టి ముక్కలు చేసి పంచుతున్నారు. బిడ్డను పక్కన ఉంచుకునే హక్కు జీతంతో ముడిపడకూడదని మనం అడగాలి. కువైట్‌తో, బ్రిటన్‌తో మన ప్రభుత్వం కార్మిక ఒప్పందాలు మాట్లాడేటప్పుడు కనీస జీతంతో పాటు పిల్లల దగ్గరికి వచ్చిపోయే సెలవు, విమాన టిక్కెట్టు, ఇక్కడ పిల్లల్ని సాకుతున్న అమ్మమ్మలకు కొంత ఆసరా కూడా ఆ మాటల్లో ఉండాలని అడగాలి.

పరిశోధకులుగా మన చేతిలో ఉన్న పని ఇంకోటి. ఓడల జాబితాలు భద్రంగా ఉన్నాయి, మిల్లుల లెక్కలు ఉన్నాయి. కోనసీమ ఇళ్ళలో ట్రంకు పెట్టెల అడుగున ఉన్న నీలం ఇన్లాండు కవర్లు, ఎయిర్‌మెయిల్ ఉత్తరాలు, మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్లు ఏ గ్రంథాలయంలోనూ లేవు. రాయించిన మామ్మలు ఒక్కొక్కరే పోతున్నారు. క్యాసెట్ల టేపు బూజు పడుతోంది. పేర్లు, చిరునామాలు తీసేసి, వాళ్ళ అనుమతితో, ముందు వాటిని సేకరించి పెట్టాలి. రాజోలు, అమలాపురం, నరసాపురం, పాలకొల్లులో కాలేజీలున్నాయి, వాటిలో చదివే పిల్లల్లో చాలామంది ఆ ఉత్తరాల్లో ‘బాగున్నాడు’ అని రాయించిన బుడ్డోళ్ళ పిల్లలే. మొదలుపెట్టడానికి అంతకన్నా మంచి చోటు లేదు.